గొడ్ల సంత, రైలు టేషను ఉన్న చిన్న ఊరి చరిత్ర రాయాలంటే ఎట్టా మొదలుపెట్టాలి

మాది ఒంగోలుకీ కావలికీ మధ్యలో రైలు లైను పక్కన ఉండే ఊరు. ఒకప్పుడు వారం వారం గొడ్ల సంత జరిగేది, టేషన్లో పాసింజరు ఆగేది, గూడ్స్ షెడ్డు కళకళలాడతా ఉండేది. ఇప్పుడు సంత లేదు, షెడ్డుకి గోడలు మాత్రం మిగిలినాయి. నాలుగేళ్ళ నుంచి ఈ ఊరి చరిత్ర పోగుచేస్తా ఉన్నా, అది తెలిసి పక్క ఊళ్ళ పిల్లోళ్ళు "మా ఊరిది కూడా రాయాలన్నా, యాడ మొదలుపెట్టాలో తెలీట్లా" అని అడగతా ఉంటే అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటదని ఇది రాస్తున్నా.

కోటా, శాసనం, రాజూ లేకపోతే ఊరికి చరిత్ర లేదని మనోళ్ళలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. మన నెల్లూరు, ప్రకాశం ఊళ్ళని నిలబెట్టింది గొడ్లు, తర్వాత వాటి ముఖం మార్చేసింది రైలు. గొడ్డు యాడ మేసింది, యాడ నీళ్ళు తాగింది, రైలు యాడ ఆగింది, ఈ మూడూ పట్టుకుని నడిస్తే ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు బాగుపడ్డారు, ఎవరు ఊరొదిలి పోయారు అన్నీ వాటంతట అవే బయటికొస్తాయి.

అన్నిటికంటే ముందు పెద్దోళ్ళ దగ్గరికి పోండి. కాగితాలు రేపైనా ఉంటాయి, మనుషులు ఉండరు. నేను మొదట్లో లైబ్రరీలు తిరిగి ఆ తర్వాత పెద్దోళ్ళ దగ్గరికి పోదాంలే అనుకున్నా, ఆ ఆర్నెల్లలోనే బొగ్గింజను రోజుల్లో గ్యాంగ్‌లో పనిచేసిన ఇద్దరు పోయారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే చెప్తున్నా, ఈ వారమే పోండి.

పోయి "తాతా, మన ఊరి చరిత్ర చెప్పు" అని మాత్రం అడగొద్దు. "నాకేం తెలుసబ్బయ్యా, చదువుకున్నోళ్ళని అడుగు" అంటారు, మాట అంతటితో ఆగిపోద్ది. "తాతా, మీ ఎద్దుల పేర్లేంది?" అని అడగండి. నేను అట్టా అడిగిన మొదటి పెద్దాయన రెండు గంటలు ఆపకుండా చెప్పినాడు, ఏ ఎద్దు ఎలపట (కాడికి కుడిపక్కది), ఏది దాపట (ఎడమపక్కది), ఏది ఎవరి దగ్గర కొన్నాడు, దాని తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఏ తుపానుకి పోయింది, ఆ డబ్బుతో ఏ చేను కొన్నాడు. అందులోనే సంత వచ్చింది, వడ్డీ వచ్చింది, పెళ్ళి వచ్చింది, రైలు వచ్చింది. అట్టాగే "కోడెకి ఎన్ని పళ్ళప్పుడు అమ్మేవాళ్ళు, పాలపళ్ళా రెండు పళ్ళా కడపళ్ళా", "బేరం నోటితో చెప్పేవాళ్ళా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకునా", "సంతకి నడిపించుకుని పోతే రాత్రి యాడ మకాం", ఇట్టాంటివి అడగండి. రైల్వేలో చేసినోళ్ళయితే "నీ బీటు యాడ నుంచి యాడ దాకా" అనండి చాలు. కీమ్యాన్‌గా చేసినాయన తను రోజూ నడిచిన లైను మీద ప్రతి కల్వర్టూ చెప్తాడు, ఏది ఏ వానకి కొట్టుకుపోయిందో కూడా చెప్తాడు.

ఆడోళ్ళని తప్పకుండా అడగండి, చాలామంది అడగరు. గొడ్డు పని సగం పైన వాళ్ళదే. కుడితి పెట్టింది, పేడ ఎత్తింది, పాలు పిండి నెయ్యి కాసి అమ్మింది వాళ్ళు. మా జేజికి తన పెళ్ళి తేదీ తెలీదు గానీ, పుట్టింటి నుంచి తోలిచ్చిన పెయ్య ఏ ఏడు ఈనిందో, ఆ నెయ్యి ఎవరు కొనుక్కుని మద్రాసు పాసింజర్లో తీసుకపోయేవాళ్ళో తెలుసు. సంతకొచ్చిన బేరగాళ్ళకి అన్నం వండిపెట్టిన పూటకూళ్ళ ఇల్లు మీ ఊళ్ళో ఉండే ఉంటది, ఆ ఇంటోళ్ళని పట్టుకోండి.

ఇంకో మాట. చనిపోయిన గొడ్డు తోలు తీసి, ఊనబెట్టి, మోట తొండాలూ వార్లూ చెప్పులూ కుట్టింది దళితవాడ వాళ్ళు. మోటంటే ఎద్దులతో బావి నీళ్ళు తోడే తోలు సంచి, అది లేకపోతే మెట్టలో తోట లేదు. గొడ్లు కాసిన జీతగాళ్ళలో కూడా ఎక్కువమంది వాళ్ళూ, తక్కిన పేదోళ్ళూనే. ఆసాముల ఇళ్ళల్లో మాత్రమే అడిగి రాస్తే అది ఆసాముల చరిత్ర అవుద్ది గానీ ఊరి చరిత్ర కాదు. వాడకి పోయి కూర్చోండి, తొందరపడొద్దు, వాళ్ళు చెప్పే కథలో మీ ఇంటోళ్ళ గురించి మంచిగా లేకపోయినా అట్టాగే రాసుకోండి.

ఫోన్‌లో రికార్డు చేసేముందు అడిగి చెయ్యండి. ఫైలుకి ఆరోజే పేరు పెట్టండి, తేదీ, మనిషి, యాడ కూర్చుని మాట్లాడారో. రేపు పెడదాంలే అంటే ఇరవై ఫైళ్ళయినాక ఏది ఎవరిదో తెలీదు. ఒక కాపీ ఇంకొకరి దగ్గర పెట్టండి. పాత ఫోటోలు, అట్ట టికెట్లు, దస్తావేజులు చూపిస్తే అక్కడే వెలుతురులో పరిచి ఫోటో తీసుకుని తిరిగి ఇచ్చెయ్యండి, ఇంటికి తీసుకురావద్దు, ఒక్కటి పోయినా ఊళ్ళో మళ్ళీ ఎవరూ తలుపు తియ్యరు.

ఇప్పుడు తేదీల సంగతి. పెద్దోళ్ళు సంవత్సరం అంకెల్లో చెప్పరు, "ధాత కరువు" అంటారు, "తుపాను ఏడు" అంటారు, "బొగ్గింజన్లు పోయిన ఏడు" అంటారు. వీటిని అంకెల్లోకి మార్చుకోవటం నేర్చుకోండి. తెలుగు సంవత్సరాలు అరవై, ప్రభవ నుంచి మొదలు. 1987 ఉగాదికి ప్రభవ వచ్చింది, దానికి ముందు 1927, ఇంకా ముందు 1867. ధాత పదోది, అంటే 1876, 1936, 1996. ఊళ్ళో తరతరాలుగా చెప్పుకునే ధాత కరువు 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగం పట్టిన పెద్ద కరువు. తుపాను అంటే ఏ తుపాను అని గట్టిగా అడగండి, 1977 నవంబరులో దివిసీమని ముంచిందీ, 1979 మే నెలలో మన ఒంగోలు వైపు తీరం దాటిందీ కలిపేసి చెప్తారు. "మామిడికాయలు చెట్టుమీద ఉన్నాయా అప్పుడు?" అని అడిగితే తేలిపోద్ది, ఉన్నాయంటే మే నెలది. కరెంటు ఇంజన్లు మన లైను మీదకి వచ్చింది 1980 ప్రాంతంలో, కాబట్టి "కరెంటు ఇంజను రాకముందు" అంటే దానికి అవతల అని రాసుకోవచ్చు.

తర్వాత జిల్లా లెక్క. ఇది తెలీక నేను చాలా రోజులు పోగొట్టుకున్నా. 1904కి ముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో మళ్ళీ గీతలు మారి కందుకూరు నెల్లూరు కిందకీ, చీరాల, అద్దంకి వైపు బాపట్ల కిందకీ పోయాయి, ఆ తర్వాత కూడా గీతలు కొంత మారాయి. అంటే ఒంగోలు పక్క ఊరికి 1880ల నాటి కాగితం కావాలంటే నెల్లూరు రికార్డుల్లో చూడాలి, 1930లది కావాలంటే గుంటూరు రికార్డుల్లో. ఒంగోలు గిత్త బ్రెజిల్ పోయి "నెలోర్" అయింది కూడా ఇందుకే, పంతొమ్మిదో శతాబ్దంలో అవి సముద్రం దాటినప్పుడు ఈ ప్రాంతమంతా నెల్లూరు జిల్లానే. ఇవాళ బ్రెజిల్‌లో మాంసం గొడ్లలో ఎక్కువ భాగం ఆ సంతతే. 1960ల మొదట్లో పోయిన ఒక గిత్తకి అక్కడోళ్ళు మన కరవది ఊరి పేరే పెట్టుకున్నారు. ఆ కరవదికి రైలు టేషను కూడా ఉంది, గొడ్డూ రైలూ రెండూ ఉన్న ఊరంటే అది.

కాగితాల్లో మొదట చూడాల్సింది 1873లో బాస్వెల్ అనే దొర రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుద్ది. రైలు రాకముందు జిల్లా ఎట్టా ఉందో తెలియాలంటే ఇంతకంటే మంచిది లేదు. ఇంగ్లీషు పాతది, ఊళ్ళ పేర్లు వాళ్ళ ఇష్టమొచ్చినట్టు రాశారు, అందుకని మీ ఊరి పేరుని నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకండి. శాసనాలు ఉన్నాయేమో చూడాలంటే 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడు ఉన్నాయి, మేత భూములూ చెరువులూ దానమిచ్చిన సంగతులు అందులో కనపడతాయి. పాత పేపర్లకి వేటపాలెం సారస్వత నికేతనం పోండి, 1918లో పెట్టిన లైబ్రరీ, మన వైపు అంత పాత పేపర్లు జాగ్రత్తగా దాచిన చోటు ఇంకోటి నేను చూళ్ళేదు. టిఫిన్ కట్టుకుని పొద్దున్నే పోయి సాయంత్రం దాకా కూర్చునేటట్టు పోండి. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళయితే అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళ రిపోర్టులు కూడా వెతకండి. ధాత కరువులో ఆ మిషన్‌లో పనిచేసిన క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని ఇచ్చినాడు, కరువులో గొడ్లూ మనుషులూ ఎట్టా పోయారో ఆ మిషనరీల రాతల్లో కళ్ళకి కట్టినట్టు ఉంటది. రైలు రాకముందు మన తీరం సరుకు మద్రాసు పోయింది ఆ కాలవ మీద పడవల్లోనే, అది కూడా మీ కథలో రావాలి.

నా మటుకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఊరి రెవెన్యూ రికార్డు. తాసిల్దారు ఆఫీసులో పాత డైగ్లాట్ రిజిస్టరు, ఫెయిర్ అడంగల్ (రెండూ సర్వే నంబర్ల వారీ భూమి లెక్కలే), ఊరి మ్యాపు ఉంటాయి, అర్జీ పెట్టుకుని నకళ్ళు తీసుకోండి. అందులో ఏ సర్వే నంబరు మేత పోరంబోకు (గొడ్ల మేతకి వదిలిన సర్కారు భూమి), ఏది కుంట, ఏది బందెలదొడ్డి (చేలో పడ్డ గొడ్లని తోలి కట్టేసే దొడ్డి), ఏది రైల్వే అని రాసి ఉంటది. దర్శి, పొదిలి వైపోళ్ళకి వెంకటగిరి జమీందారీ కింద ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి, అక్కడ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంటు అడంగల్ చూడాలి. ఆ నంబర్లన్నీ ఒక తెల్ల కాగితం మీద మ్యాపు గీసి మేతకి పచ్చ, నీళ్ళకి నీలం, రైల్వేకి ఎరుపు రంగు వెయ్యండి. నేను మా ఊరిది వేసి గోడకి అంటిస్తే అప్పటిదాకా విన్నవన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. పచ్చ రంగు ముక్కలన్నీ చెరువు నుంచి పడమటి బీళ్ళ దాకా ఒక తోవలాగా ఉండేవి, ఎర్ర గీత వచ్చి దాన్ని అడ్డంగా కోసింది. లైనుకి అవతల మేత, ఇవతల నీళ్ళు. గొడ్లు రైలు కింద పడ్డాయని ముసలోళ్ళు ఎందుకు అన్నిసార్లు చెప్పారో నాకు ఆరోజు అర్థమైంది. గేటు కోసం ఊరోళ్ళు పెట్టుకున్న అర్జీ గురించి కూడా ఆ తర్వాతే అడగగలిగినా.

ఇక లైను సంగతి. విజయవాడ నుంచి మద్రాసు దాకా లైను కలిసింది 1899లో. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ నడిపింది, పాత సామాను మీద ఎం అండ్ ఎస్ ఎం అని ఉంటే వాళ్ళదే. 1951లో సదరన్ రైల్వే అయింది, 1966లో సౌత్ సెంట్రల్ అయింది. మార్కాపురం, దొనకొండ, కంభం, గిద్దలూరు వైపోళ్ళ కథ వేరు, అది గుంటూరు గుంతకల్లు మీటరు గేజీ లైను, 1990లలో బ్రాడ్‌గేజీ చేసేదాకా చిన్న బండ్లే, ఆ లైను గురించి అక్కడోళ్ళే రాస్తే బాగుంటది. బొగ్గింజను ఎక్కువ దూరం పోలేదు, నీళ్ళు పట్టాలి, నిప్పు గూడు ఊడ్చాలి, డ్రైవర్లు మారాలి, అందుకని లైను మీద అక్కడక్కడ ఒక టేషను పెద్దదయింది. బిట్రగుంట అట్టా పుట్టిన ఊరే, లోకోషెడ్డు, క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, డ్రైవర్లు దిగి పడుకునే రన్నింగ్ రూము, పొద్దున సైరన్‌కి లేచే ఊరు. కరెంటు ఇంజన్లు వచ్చినాక నీళ్ళూ బొగ్గూ అక్కర్లేకపోయింది, ఊరి పనే పోయింది. మీది ఏ రకం టేషనో ముందు తేల్చుకోండి. బండ్లు ఒకదానికొకటి దారివ్వటానికి పెట్టిన టేషనా, సరుకు కోసం పెట్టిందా, ఇంజన్ల కోసం పెట్టిందా. చినగంజాంలాగా ఉప్పు, గూడూరు వైపు అయితే అభ్రకం, టంగుటూరు వైపు పొగాకు, ఇట్టా ఏ సరుకు ఎక్కిందో తెలిస్తే ఊళ్ళో ఎవరి మేడలు ఎప్పుడు లేచాయో తెలిసిపోద్ది.

టేషను చుట్టూ తిరిగేటప్పుడు ముందు స్టేషన్ మాస్టరు దగ్గర పర్మిషన్ తీసుకోండి, పట్టాల మీద నడవొద్దు, ఫోటోలకోసం ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు. బయటే చూడాల్సినవి చాలా ఉన్నాయి. పాత పట్టా ముక్కల్ని కంచె స్తంభాలుగా పాతి ఉంటారు, వాటి నడుం మీద తయారు చేసిన కంపెనీ పేరూ సంవత్సరమూ ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి, తుప్పు మీద సుద్దముక్కతో అడ్డంగా రుద్దితే చదవొచ్చు. అది పట్టా తయారైన ఏడు మాత్రమే, మీ ఊళ్ళో వేసిన ఏడు కాదు, ఆ తేడా మర్చిపోవద్దు. టేషనుకీ అసలు ఊరికీ మధ్య ఎంత దూరముందో కొలవండి, ఆ మధ్యలో పుట్టిన అంగళ్ళూ కాఫీ హోటళ్ళూ ఏ ఇంటోళ్ళవి, వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారు అని అడగండి. మా ఊళ్ళో ఆ వీధినంతా ఇప్పటికీ టేషను పేట అనే అంటారు, అందులో ఒక్క పాత ఊరి కుటుంబం కూడా లేదు.

గొడ్ల వైపు కూడా నేల మీద గుర్తులు వెతకండి. సంత దిబ్బ, రాతి నీళ్ళతొట్లు, బందెలదొడ్డి గోడ, గొడ్లు ఒళ్ళు రుద్దుకోటానికి పాతిన రాయి. ఆబోతు సంగతి తప్పకుండా అడగండి. చనిపోయిన పెద్దోళ్ళ పేరు మీద మంచి కోడెని ఎంచి, అచ్చుబోసి ఊరిమీద వదిలేవాళ్ళు, అది ఎవరి చేలో మేసినా కొట్టకూడదు. ఆ ఆబోతుల వల్లే తరతరాలు జాతి నిలబడింది, ఏ డిపార్ట్‌మెంటూ లేని రోజుల్లో ఊరే చేసుకున్న ఏర్పాటు అది. మీ ఊళ్ళో చివరి ఆబోతు ఎప్పుడు పోయింది, ఎందుకు మళ్ళీ వదల్లేదు అని అడిగితే మీకు చరిత్రలో ఒక అధ్యాయం దొరికినట్టే. మా ఊళ్ళో చెప్పిన జవాబు, జొన్న పోయి పొగాకు వచ్చింది, జొన్న పోతే చొప్ప పోయింది, బీళ్ళల్లో జామాయిల్ వేశారు, ట్రాక్టరు వచ్చింది, ఇంక ఆబోతు మేసేది యాడ? ఇప్పుడు మేలుజాతి గిత్తల్ని చూడాలంటే బండలాగుడు పందేలకి పోవాలి, లేకపోతే చింతలదేవి, రామతీర్థం లాంటి సర్కారు ఫారాలకి పోవాలి.

విన్నదంతా నమ్మి రాసెయ్యొద్దు, అట్టాగని ముసలోళ్ళని అబద్ధమాడారని అనొద్దు. ప్రతి ఊళ్ళోనూ ఒక కథ ఉంటది, దొర గుర్రం మీద వచ్చి మన బావి నీళ్ళు తాగి మెచ్చుకుని ఇక్కడే టేషను పెట్టమన్నాడని. నేను లైను పొడుగునా నాలుగు ఊళ్ళల్లో అదే కథ విన్నా. దాన్ని "ఊళ్ళో ఇట్టా చెప్పుకుంటారు" అని రాయండి, కాగితంలో ఉన్నది వేరే రాయండి. నేను కూడా ఒక తప్పు చేసినా. రైలొచ్చినాకే మా సంత పుట్టిందని ముగ్గురు చెప్తే అట్టాగే రాసేసి అందరికీ చూపించినా, తర్వాత తాత ట్రంకు పెట్టెలో రైలు కంటే పాత దస్తావేజు ఒకటి దొరికింది, అందులో చేను సరిహద్దులు చెప్తా "తూర్పు సంత దోవ" అని ఉంది. సంత ముందే ఉంది, రైలొచ్చినాక పెద్దదయి, లారీలొచ్చినాక పోయింది. మొత్తం ఆ భాగం తిరగరాసినా. అందుకని పాత దస్తావేజుల్లో చెక్కుబందీ చదవటం అలవాటు చేసుకోండి, అమ్మినోడూ కొన్నోడి కంటే సరిహద్దులే ఎక్కువ చెప్తాయి.

రాసేటప్పుడు పుట్టు పూర్వోత్తరాల నుంచి ఎత్తుకోవద్దు. మీకు బాగా తెలిసిన ఒక రోజు నుంచి ఎత్తుకోండి, ఒక సంత రోజు తెల్లవారుజాము కావచ్చు, చివరి బొగ్గింజను పోయిన రోజు కావచ్చు, అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ పోవచ్చు. మాటలు ఊళ్ళో మాటలే వాడండి, పలుపు, తలుగు, ముకుతాడు, గాడి, వామి, గంగడోలు, ఇవి మీరు రాయకపోతే మీ పిల్లలకి ఇంక ఎవరూ చెప్పరు. అచ్చుకి ముందు చెప్పినోళ్ళ ఇంటికి పోయి వాళ్ళ భాగం చదివి వినిపించండి. నేను వినిపిస్తే ఎద్దుల పేర్లు చెప్పిన పెద్దాయన నన్ను ఆపి "అది దాపట కాదబ్బయ్యా, ఎలపట" అని సరిచేసినాడు. యాభై కాపీలు జిరాక్సు తీసి కుట్టించినా చాలు, స్కూలుకి రెండు, లైబ్రరీకి రెండు, చెప్పిన ప్రతి ఇంటికీ ఒకటి.

నడికుడి నుంచి శ్రీకాళహస్తికి కొత్త లైను వేస్తా ఉన్నారు, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, ఆత్మకూరు మీదుగా. ఆ దారిలో ఉండేవాళ్ళకి నాదొక్కటే అడుగుడు. 1899లో మా ఊళ్ళో ఎవరూ రాసిపెట్టలేదు, మీకు ఇప్పుడు ఫోన్ ఉంది. మట్టికట్ట పడకముందు గొడ్లు ఏ దోవన పోతున్నాయో, ఎవరి చేను ఎంత పోయిందో, నష్టపరిహారం ఎంతిచ్చారో, కుంట నీళ్ళు ఎటు మళ్ళాయో నెలకోసారి పోయి అదే చోట నిలబడి ఫోటో తీసి కింద తేదీ రాసి పెట్టండి.